బుధవారం వస్తానన్న యాకూబ్

అది 2019 జూన్. హన్మకొండ చౌరస్తాకు కొంచెం లోపలగా ఉన్న సందులో, ఒక పాత భవనం మొదటి అంతస్తులోని డయాగ్నస్టిక్ సెంటర్‌లో నేను సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ పొద్దున రైలెక్కి వచ్చి, ఎనిమిదింటికల్లా తెల్ల కోటు వేసుకునేదాన్ని. అప్పటికే పందొమ్మిదేళ్ల అనుభవం. ఇక కొత్తగా చూడాల్సింది ఏముంటుందిలే అన్న ధీమా ఉండేది.

మా పని గురించి బయట చాలామందికి తెలియదు. డాక్టర్ చీటీ రాస్తాడు, మనిషి చెయ్యి చాపుతాడు, మేం రక్తం తీస్తాం. తర్వాత మా ముఖం కూడా ఎవరికీ గుర్తుండదు. కానీ ఒక్కోసారి ఒక మనిషి లోపల జబ్బు ఉందని ఈ ప్రపంచంలో అందరికంటే ముందు తెలిసేది మాకే. తెలిసినా చెప్పే అధికారం మాకు లేదు. మేం చూసినదాన్ని పాథాలజిస్టు, అంటే కణాలను పరిశీలించి జబ్బును నిర్ధారించే డాక్టర్, మళ్లీ చూసి సంతకం పెడితేనే అది రిపోర్టు అవుతుంది. మా మేడం సాయంత్రం ఐదింటికి వచ్చి సంతకాలు పెట్టేది. పగలంతా వేరే ఆసుపత్రిలో ఉండేది.

మా మెట్ల కింద యాకూబ్ సంచుల దుకాణం ఉండేది. బడి సంచులు, ప్రయాణపు బ్యాగులు కుట్టేవాడు. పాతవాటికి జిప్పులు వేసేవాడు. వయసు ముప్పై ఒకటి. పాలకుర్తి దగ్గర పల్లె. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. ఒక కుట్టుమిషన్, నాలుగు రెక్సిన్ తానులు, గోడకు వేలాడే జిప్పుల కట్టలు, అదే అతని వ్యాపారం. ఎవరైనా జిప్పు మార్చమని తెస్తే అటూ ఇటూ లాగి చూసి, "జిప్పు మంచిగనే ఉన్నది, రన్నర్ పోయింది అంతే. గిది మారుస్తె సాలు," అనేవాడు. కొత్త బ్యాగు కొనడానికి వచ్చినవాళ్లను కూడా పాతది బాగు చేసి పంపేవాడు. పక్కనున్న జిరాక్స్ షాపు రాజేందర్ "గిట్లయితె నువ్వు బాగుపడవురా" అని తిట్టేవాడు. యాకూబ్ నవ్వేవాడు. ఆ సందులో జనం అతని దగ్గరికి రావడానికి కారణం కూడా అదే.

మధ్యాహ్నం ఒంటిగంటకు భార్య గౌసియా చంకలో చిన్నబిడ్డతో, చేతిలో అన్నం డబ్బాతో వచ్చేది. ఇద్దరూ రెక్సిన్ తాను మీద కూచుని ఒకే డబ్బాలో తినేవాళ్లు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆ అలవాటు మారలేదు. సందులో వాళ్లు ఆటపట్టిస్తే గౌసియా కొంగు అడ్డం పెట్టుకునేది గానీ, మర్నాడు మళ్లీ అదే డబ్బా, అదే తాను.

పెద్దకూతురు సనాకు ఆరేళ్లు. మా ల్యాబ్‌లో ఉన్న మైక్రోస్కోపు అంటే దానికి పిచ్చి. అంతకుముందు చలికాలంలో ఒకరోజు తండ్రిని లాక్కుని మెట్లెక్కి వచ్చింది.

"లీలక్కా, రక్తంల ఏముంటదో సూడాల్నట. జర సూపియ్యి, పొద్దుగాలనుంచి పానం తింటాంది," అన్నాడు యాకూబ్. నా పేరు పుష్పలీల. సందులో అందరికీ లీలక్కను.

"ఎవరి రక్తం చూపించాలె?" అన్నాను.

"నాదే," అని వేలు చాపాడు.

వేలికొసన చిన్నగా గుచ్చి, చుక్కను గాజు స్లైడ్ మీద పరిచి, రంగు వేసి చూపించాను. స్టూలు మీద నిలబడి చూసింది. ఎర్రకణాలు ఊపిరిని మోస్తాయని, తెల్లకణాలు రోగాలతో కొట్లాడతాయని చెప్పాను. మధ్యమధ్యలో ఇసుక రేణువుల్లా ఉన్నవి ఏమిటని అడిగింది. వాటిని ప్లేట్‌లెట్లు అంటారని, దెబ్బ తగిలినప్పుడు రక్తం కారిపోకుండా అడ్డం పడతాయని చెప్పాను.

"మా అబ్బాకు శానున్నయి," అంది గర్వంగా.

నిజంగానే ఉన్నాయి. ఆ స్లైడ్ నేను కూడా చూశాను. ఆ రోజు అతని రక్తంలో ఏ దోషమూ లేదు.

జూన్ వచ్చింది. బడులు తెరిచే ముందు రెండు వారాలు యాకూబ్‌కు ఊపిరాడదు. శనివారం మధ్యాహ్నం నా చేతిసంచి పిడి ఊడిపోతే ఇచ్చి వద్దామని కిందికి దిగాను. ఎండాకాలం ఇంకా పోలేదు గానీ యాకూబ్ నిండు చేతుల చొక్కా వేసుకుని ఉన్నాడు. రెక్సిన్ తాను పైకెత్తుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి పైన అరచేయంత వెడల్పున కమిలి ఉంది. నేరేడుపండు రంగు. మణికట్టు దగ్గర ఇంకొకటి.

"ఏమైంది యాకూబ్?"

"తానులు మోస్తాన గద అక్కా, తాకినయ్."

అంటూనే పక్కకు తిరిగి మోరీలో ఉమ్మాడు. ఎర్రగా పడింది.

"అదేంది?"

"చిగుళ్లకెల్లి వస్తాంది. నాలుగు రోజులాయె. మందుల షాపాయన గోలీలిచ్చిండు."

నాకు ఆ రెండూ కలిపి చూడగానే మనసు కీడు శంకించింది. "పైకి రా, సీబీపీ చేస్తా," అన్నాను. సీబీపీ అంటే రక్తకణాలను లెక్కపెట్టే మామూలు పరీక్ష. ఐదు నిమిషాల పని.

"బుధారం బడులు తెరుస్తరు లీలక్కా. నెత్తిమీద నూటాయాభై సంచులున్నయ్. బుధారం పొద్దుగాల మొదలు నీ దగ్గరికే వస్త. ఫికర్ జేయకు."

"మర్చిపోకు మరి," అన్నాను.

పైన శాంపిల్స్ ఉన్నాయి. మెట్లెక్కి వెళ్లిపోయాను. జరిగింది అంతే.

సోమవారం పొద్దున పదింటికి యాకూబ్ తనంతట తనే వచ్చాడు. మెడలో కొలత టేపు అలాగే ఉంది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"తెల్లారినకాంచి ఆగుతలేదక్కా. బుధారం దాకా అయ్యేటట్టు లేదు," అన్నాడు.

రక్తం తీశాను. ఊదారంగు మూత ట్యూబులో రెండు మిల్లీలీటర్లు. సూది తీసి దూది పెట్టి నొక్కమన్నాను. మామూలుగా రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. పది నిమిషాలు గడిచినా దూది తడుస్తూనే ఉంది. రెండోసారి మార్చాను. మూడోసారి మార్చి గట్టిగా కట్టు వేశాను.

"రిపోర్టు ఎప్పుడొస్తదక్కా?"

"గంట, గంటన్నర. కిందనే ఉండు."

"ఉంట," అని మెట్లు దిగిపోయాడు.

ట్యూబును మెషిన్‌లో పెట్టాను. ప్లేట్‌లెట్లు పదకొండు వేలని చూపించింది. లక్షన్నర పైన ఉండాల్సినవి. మెషిన్లు అప్పుడప్పుడు తప్పు చూపిస్తాయి. ట్యూబులో రక్తం గడ్డకట్టినా లెక్క తగ్గుతుంది. పుల్ల పెట్టి తిప్పి చూశాను, గడ్డ లేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ పదకొండు వేలే. తెల్లకణాల లెక్క దగ్గర మాత్రం మెషిన్ చేతులెత్తేసింది, గుర్తుపట్టలేని కణాలున్నాయని హెచ్చరిక వేసింది. అలాంటప్పుడు మనిషే కంటితో చూడాలి. స్మియర్ చేశాను. స్మియర్ అంటే రక్తపు చుక్కను గాజు మీద పలచగా పరిచి రంగు వేయడం. రంగు పట్టే పావుగంట సేపు ఇంకో ఇద్దరికి రక్తం తీశాను.

స్లైడ్ పెట్టి కన్ను ఆనించాను.

పెద్ద పెద్ద కణాలు, ఎక్కడ చూసినా అవే. ఇంకా ఎదగని, ఎముక మూలుగ లోపలే ఉండాల్సిన కణాలు బయటికి వచ్చేశాయి. మా భాషలో బ్లాస్ట్స్ అంటాం. వాటిలో కొన్నిటి లోపల సన్నటి ఎర్రటి పుల్లలు, ఒకదాని మీద ఒకటి పడి కట్టెలమోపులా ఉన్నాయి. అలాంటి కణాన్ని నేను చదువుకునేటప్పుడు పుస్తకంలో చూశాను. పందొమ్మిదేళ్లలో గాజు మీద చూడటం అదే మొదలు. అది ఒక రకం బ్లడ్ క్యాన్సర్ గుర్తు. ఆ జబ్బులో మనిషి నెలల తరబడి మంచాన పడి చావడు. రక్తం కారి గంటల్లో, రోజుల్లో పోతాడు.

తల పైకెత్తి ట్యూబు మీద పేరు చూశాను. నా చేతిరాతే. ఎవరిదో శాంపిల్ కలిసిపోయిందేమోనని మిగతా ట్యూబులన్నీ ఒక్కొక్కటిగా తీసి చూశాను. కలవలేదు. చలికాలంలో సనా స్టూలు మీద నిలబడి చూసిన రక్తమూ ఇదే మనిషిది. అదే స్టూలు మీద కూచున్నాను.

ఫోను కెమెరాను మైక్రోస్కోపు కంటికి ఆనించి నాలుగు ఫొటోలు తీసి మేడంకు పంపాను. సాయంత్రం దాకా ఆగడం మా పద్ధతి. ఆ రోజు ఆగలేదు. మూడు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"పేషెంట్ ఎక్కడున్నడు లీలా?"

"కిందనే మేడం, మన మెట్ల కింద దుకాణం ఆయనే."

"యాకూబా?" అంది. తర్వాత గబగబా చెప్పింది. "విను. దీనికి మందుంది. గోలీలే. మొదటి కొన్ని రోజులు గట్టెక్కితే చాలామంది పూర్తిగా బాగవుతరు. కానీ ఆ మందు పడే లోపల ఎక్కడా రక్తం కారొద్దు. తలకు దెబ్బ తాకొద్దు. ఇంజెక్షన్ ఇయ్యనియ్యొద్దు. హైదరాబాద్‌ల నాకు తెలిసిన బ్లడ్ డాక్టర్‌తోని ఇప్పుడే మాట్లాడుత. నువ్వు అంబులెన్స్ పిలువు. రేపు గీపు అంటే వినకు, ఇయ్యాలనే."

మెట్లు ఎలా దిగానో తెలియదు. దుకాణం షట్టర్ సగం కిందికి దించి ఉంది. రాజేందర్ తన షాపులోంచి చెప్పాడు.

"ధర్మసాగర్ పోయిండక్కా. ఆడ బడికి నలభై సంచులియ్యాలె. బండి మీద కట్టుకుని పోయిండు. గంటల వస్త అన్నడు."

ఫోన్ చేశాను. మిషన్ మీది గుడ్డ కింద మోగింది. ఛార్జింగ్‌కు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ జబ్బుతో, ఆ ప్లేట్‌లెట్లతో, వెనకా ముందూ సంచుల మూటలు కట్టుకుని ఆ మనిషి రోడ్డు మీద ఉన్నాడు. ఒక్క గుంతలో పడితే చాలు. నేను షట్టర్ కిందినుంచి వంగి లోపలికి వెళ్లాను. ఆ బడి సంచి ఒకటి కుట్టు తప్పి మూలన పడి ఉంది. దాని మీద బడి పేరు, కింద ఫోన్ నంబరు అచ్చువేసి ఉన్నాయి. ఆ నంబరుకు చేశాను. ఎవరో గుమాస్తా ఎత్తాడు.

"సంచులు తెచ్చినాయన వచ్చాడా?"

"ఇప్పుడే వచ్చిండమ్మా. దించుతాండు."

"దించనీయకండి. అర్జెంటుగా ఫోన్ ఇవ్వండి."

యాకూబ్ గొంతు వినిపించింది. "ఏందక్కా, గీ నంబరెట్ల దొరికింది?"

"నువ్వేం ఎత్తకు, దించకు. కూచో. బండి నడపకు, అక్కడనే పెట్టు. ఎవరిదన్న కారుల రా."

"ఎందుకక్కా?"

"చెప్తే వినాలె తమ్మీ. కింద పడితే రక్తం ఆగదు నీకు."

"సరే అక్కా," అన్నాడు చిన్నగా.

ఆ బడి పెద్దసారు తన కారులో తీసుకొచ్చి దింపాడు. అప్పటికి అంబులెన్స్ చౌరస్తా దాటి సందు మొదట్లో ఆగింది. యాకూబ్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు ఫోన్ల ఏడ్చినట్టు మాట్లాడినవ్ అక్కా. ఏమున్నది రిపోర్టుల?"

"ప్లేట్‌లెట్లు తక్కువున్నయ్. మేడం హైదరాబాద్ పొమ్మన్నది."

"డెంగీనా?"

ఊళ్లో అందరికీ తెలిసిన జబ్బు పేరు. తల ఊపితే సరిపోయేది. "కావచ్చు, చూడాలె," అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, నేల చూస్తూ చెప్పాను.

"డెంగీకి గింత అంబులెన్సు ఎందుకక్కా? నా మొఖం సూసి చెప్పు."

నా వల్ల కాలేదు. మేడంకు ఫోన్ కలిపి అతని చేతికిచ్చాను. మెట్ల మీద కూచుని విన్నాడు. "హా మేడం... హా... సమజైంది... మందున్నదా మేడం?" అన్నాడు. ఫోన్ తిరిగిస్తూ, "మందున్నదట అక్కా," అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు.

అదే సమయానికి గౌసియా చిన్నబిడ్డను ఎత్తుకుని అన్నం డబ్బాతో సందులోకి వచ్చింది. అంబులెన్స్ పక్కనుంచి దారి చేసుకుని వస్తూ, ఎవరికోసమో అనుకుంది పాపం. యాకూబ్ ఎదురెళ్లి డబ్బా అందుకున్నాడు. "రక్తం తక్కువున్నదట. హైదరాబాద్ పోయి ఎక్కిచ్చుకుని వద్దాం. నడువు," అన్నాడు. పెద్దదాన్ని బడినుంచి వచ్చాక చూసుకోమని కాజీపేటలో ఉన్న అత్తకు ఫోన్ చేశాడు. బడులు ఇంకా తెరవలేదని, సనా పొద్దుటినుంచి తన దగ్గరే ఉందని అత్త గుర్తుచేస్తే, "అవు గద," అని నవ్వాడు. ఆ ఒక్క తడబాటు తప్ప అతనిలో బెదురు కనిపించలేదు.

దుకాణం తాళం రాజేందర్ చేతిలో పెట్టాడు. "బుధారం మంది వస్తరన్నా. సంచులన్నిటికి చీటీలు కట్టిన. చూసి ఇయ్యి," అన్నాడు. తన కాళ్లతో నడిచి అంబులెన్స్ ఎక్కాడు.

సాయంత్రం మేడం ఫోన్ చేసింది. చేరాడని, గోలీలు మొదలయ్యాయని, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నారని, మాట్లాడుతున్నాడని చెప్పింది. ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూచుని, పందొమ్మిదేళ్లలో ఒక మనిషిని నా కళ్లే పట్టుకున్నాయని మనసులో అనుకున్నాను. గర్వం కూడా పడ్డాను. దాచడం ఎందుకు.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఒక ముసలాయనకు రక్తం తీస్తున్నాను. మేడం మెట్లెక్కి వచ్చింది. ఆమె పొద్దుటిపూట ఎన్నడూ రాదు. గుమ్మంలో నిలబడి, నేను సూది తీసి దూది పెట్టేదాకా ఆగింది.

"పోయిండు లీలా. పొద్దున ఆరింటికి. మెదడుల రక్తం కారింది."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో చెబితే నాకే సిగ్గుగా ఉంటుంది. "శాంపిల్ నిన్న పదింటికి తీసిన కద మేడం. ఇంకా రోజు కూడా కాలే," అన్నాను. ఆమె లెక్క ఎక్కడో తప్పినట్టు, సరిచూసుకోమన్నట్టు.

నేను ఫ్రిజ్ తెరిచాను. మేం శాంపిల్స్‌ను కొన్నాళ్లు దాచిపెడతాం, అనుమానం వస్తే మళ్లీ చూడటానికి. ర్యాకులో మూడో వరుసలో యాకూబ్ ట్యూబు ఉంది. రక్తం ఇక్కడ ఉంది, మనిషి లేడు. ట్యూబును చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మేడం వచ్చి నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టి ఫ్రిజ్ మూసింది.

ఆ సాయంత్రం పాలకుర్తి దగ్గరి వాళ్ల పల్లెలో మట్టి చేశారు. సందులో దుకాణాలన్నీ మూసి అందరం రెండు ఆటోల్లో పోయాం. ఆడవాళ్ల మధ్య గౌసియా గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఏడవడం లేదు. ఎవరు పలకరించినా, "డబ్బా అట్లనే ఉన్నది. దారిల తిందామన్నడు," అనే చెబుతోంది. సనా నన్ను చూసి దగ్గరికి వచ్చింది. "లీలక్కా, మా అబ్బా రక్తం నువ్వు సూసినవట గద," అంది. అవునన్నాను. తర్వాత అది ఏమడుగుతుందోనని భయపడ్డాను. ఏమీ అడగలేదు. నా పక్కన కూచుంది.

బుధవారం రాజేందర్, నేను కలిసి షట్టర్ ఎత్తాం. చీటీలు కట్టిన సంచులు వరుసగా పేర్చి ఉన్నాయి. ఎనిమిదింటి నుంచే జనం మొదలయ్యారు. మొదట ఒక తల్లి వచ్చింది. బిడ్డ యూనిఫాంలో ఉంది.

"యాకూబ్ లేడా?"

చెప్పాను. ఆమె చీటీని నా ముందు పెట్టింది. "సోమారం పొద్దుగాల నాతోని మాట్లాడిండమ్మా. గీ చీటీ తనే రాసిండు," అంది. ఇంకొకాయన, "మొన్న ఆదివారం నా ముంగట చాయ్ తాగిండు," అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు కూడా ఇంతే. ఎవరూ అయ్యో అనలేదు. ప్రతి ఒక్కరూ తాము ఆఖరుసారి అతన్ని ఎప్పుడు చూశారో, ఏం మాట్లాడారో చెప్పారు. చెబితే నేను ఒప్పుకుని, సరే అయితే, ఉన్నాడులే అంటానన్నట్టు. నేను మంగళవారం మేడంతో అన్న మాట కూడా అలాంటిదేనని అప్పుడు అర్థమైంది. మధ్యాహ్నానికి సంచులన్నీ అయిపోయాయి. ఒక్క కుట్టు కూడా మిగల్చకుండా చేసి పెట్టాడు.

నేను కొన్ని వారాలు ఎవరికి సూది గుచ్చినా ముందు చొక్కా చెయ్యి పైదాకా జరిపి చూసేదాన్ని. శనివారం మధ్యాహ్నం చూసిన ఆ నేరేడు రంగు మచ్చ కళ్ల ముందునుంచి పోయేది కాదు. ఒకరోజు మేడంను అడిగేశాను. శనివారమే పట్టుకుని ఉంటే బతికేవాడా అని. "చెప్పలేం లీలా. బతికేవాడేమో. శనివారం పంపినా పోయేవాడేమో. ఈ జబ్బు అట్లాంటిది," అంది. అందులో నాకు మిగిలింది "బతికేవాడేమో" అన్న ఒక్క ముక్కే.

నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిశాక గౌసియా ల్యాబ్‌కు వచ్చింది. భర్త పోయిన ఆడవాళ్లు ఇల్లు దాటకుండా ఉండే గడువు అది. మెట్లెక్కి వచ్చి, లోపల ఎవరూ లేకుండా చూసి, తలుపు దగ్గరగా వేసింది. ఏమడుగుతుందో నాకు తెలుసు. శనివారమే చూసి కూడా ఎందుకు వదిలేశావని అడుగుతుంది. నేను చెప్పాల్సిన మాటలు నాలుగు నెలలుగా కూడబెట్టుకుంటున్నాను.

"అక్కా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు," అంది. "వారం ముందునుంచే దిండు మీద ఎర్రటి మరకలు పడ్డయి. గుట్కా మొదలువెట్టినవా అని లొల్లి జేసిన. లేదన్నడు. నమ్మలే. రెండు దినాలు మాట్లాడలే నేను. గందుకే నాకు చెప్పలేదా అక్కా? చెప్తే తిడతననుకున్నడా? నా వల్లనే పోయిండా?"

నేను ఎదురు చూసిన ప్రశ్న అది కాదు. నేను నా తప్పు మోసుకుని తిరుగుతున్నాను, ఆమె తనది మోసుకుని మెట్లెక్కి వచ్చింది.

"దిండు మీది మరకను చూసి జబ్బు కనిపెట్టడం ఎవరి వల్లా కాదు గౌసియా," అన్నాను. "నేను మచ్చలు చూసిన. శనివారం నాడే. నేను చదువుకున్నదాన్ని, అది నా పని. పైకి రమ్మన్నా. బుధారం వస్తనన్నడు. సరే అన్నా. చెయ్యి పట్టుకుని తెచ్చింది లేదు."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండుననీ అనుకున్నాను.

"నిండు చేతుల అంగీ వేసుకుంటే, ఎండలల్ల ఏం సోకు అని నవ్విన నేను," అంది. "మచ్చలు కనబడకుండ వేసుకున్నడని నాకేం తెలుసు. బుధారమైనంక చెప్దామనుకున్నడేమో." అప్పుడు ఏడ్చింది. నాలుగు నెలల్లో ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు. ఇద్దరం రక్తం తీసే కుర్చీల్లో పక్కపక్కన కూచుని ఏడ్చాం. బయట ఎవరో రిపోర్టు కోసం తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయారు.

దుకాణం ఇప్పుడు గౌసియా నడుపుతోంది. యాకూబ్ దగ్గర పని నేర్చుకున్న అతని చిన్నాయన కొడుకు ఆర్నెల్లు ఉండి మిషన్ నేర్పాడు. మొదట్లో కుట్లు వంకరపోయేవి. జనం ఏమీ అనకుండా తీసుకునేవారు. ఇప్పుడు అనాల్సిన పని లేదు.

నాకు ఈ కేసు నేర్పిందేమిటని కొత్తగా వచ్చే టెక్నీషియన్లు అడుగుతారు. స్మియర్‌లో కట్టెలమోపు కణాన్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతాననుకుంటారు. అదీ చెబుతాను. కానీ ముందు చెప్పేది వేరే. మనిషికి చెప్పడం వేరు, చేయించడం వేరు. "రా" అని చెప్పి మెట్లెక్కిపోవడాన్ని నేను ఒకప్పుడు పని చేయడం అనుకునేదాన్ని. ఏ మనిషికైనా తన పని తన ప్రాణం కంటే ముందు కనిపిస్తుంది. అతనికి నూటాయాభై సంచులు కనిపించాయి, నాకు పైన ఎదురుచూస్తున్న శాంపిల్స్ కనిపించాయి. అడ్డం పడాల్సింది నేనే.

మొన్న ఎండాకాలంలో చౌరస్తా దగ్గర ఒక ఆటో అతని చేతిమీద కమిలిన మచ్చ చూశాను. ఎట్లయిందంటే గుర్తులేదన్నాడు. గిరాకీ ఉంది, తర్వాత చూద్దామన్నాడు. నేను ఆటో తాళంచెవి గుంజుకుని, ల్యాబ్‌కు పరుగెత్తి ట్యూబు, సూది తెచ్చుకుని, సీట్లోనే రక్తం తీశాను. రిపోర్టు వచ్చేదాకా కదలనివ్వలేదు. ప్లేట్‌లెట్లు రెండు లక్షల డెబ్బై వేలు. అన్నీ నార్మల్. స్లైడ్ కూడా రెండుసార్లు చూశాను.

"గంటసేపు గిరాకీ పాడుజేసినవ్ గదమ్మా. ఏం లేదని నేను మొదలే చెప్పలేదా? ఏం మనిషివి నువ్వు?" అని నడిబజార్లో కేకలేశాడు. జనం ఆగి చూశారు.

చేతులు కట్టుకుని, అతను తిట్టడం ముగించేదాకా నిలబడి విన్నాను.